చలికాలపు కీళ్లనొప్పి అంతా వయసు వల్లే కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

చలి మొదలవగానే మీ ఆరోగ్యం పేజీలో కీళ్లనొప్పుల మీద వ్యాసం వస్తుంది. ఈసారీ వచ్చింది. వయసు, బరువు, అరిగిన మోకాళ్లు, అన్నీ రాశారు. రోజూ వేసుకునే మందు వల్ల కూడా కీళ్లు పట్టేయవచ్చన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాక నేను లెట్రోజోల్ వాడుతున్నాను. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి, హార్మోన్‌తో పెరిగే రకం క్యాన్సర్ అయితే ఈ మాత్రను మామూలుగా 5 ఏళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ కూడా ఈ కోవలోవే. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారవకుండా అడ్డుకోవడం వీటి పని. జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని తగ్గించేది అదే, కీళ్లకి కష్టం తెచ్చేదీ అదే. వాడేవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఎంతో కొంత ఈ బాధ ఉంటుంది.

నాది కుట్టుపని. ఎండాకాలంలో పొద్దున లేచిన కాసేపటికి చేతులు మాట వింటాయి. చలి రోజుల్లో కత్తెర పిడిలో బొటనవేలు దూరదు. దూరినా పిడికిలి బిగించలేను. ఉంగరపు వేలు ముడుచుకుపోయి, తెరవబోతే టక్కుమని పట్టు వదులుతుంది. సూదిలో దారం ఎక్కించే పని మధ్యాహ్నం దాకా పెట్టుకోను. మంచం దిగి మొదటి నాలుగడుగులు గోడ పట్టుకునే వేస్తాను. అటూ ఇటూ తిరిగితే సడలుతుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. చలి నేరుగా నొప్పిని పెంచుతుందా అన్నదాని మీద పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదట. కానీ చలికి కండరాలు బిగుసుకుంటాయి, మనమూ కదలకుండా ముడుచుకుని కూర్చుంటాం. నా మటుకు నాకు ఆ కూర్చోవడమే ఎక్కువ చేటు చేస్తోంది.

మొదట చూసిన డాక్టరు గారు "ఈ వయసులో మామూలేనమ్మా" అని నొప్పి బిళ్లలు రాసి పంపేశారు. ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు ఎన్నో రాత్రుల టెన్షన్ తప్పేది. మాలాంటివాళ్లకి ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా ముందు వచ్చే అనుమానం, జబ్బు ఎముకల్లోకి పాకిందా అని. రెండు చేతులకీ, రెండు మోకాళ్లకీ ఒకేలా, పొద్దున పూట ఎక్కువగా ఉండే ఈ నొప్పి మాత్రదేనని క్యాన్సర్ డాక్టరు గారు పరీక్షించి వివరించాకే మనసు కుదుటపడింది. ఎముకలో ఒకే చోట వదలకుండా నొప్పి ఉన్నా, ఒక్క కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా మాత్రం ఆగకుండా రమ్మన్నారు.

మీ వ్యాసంలో "వేడి కాపడం పెట్టుకోండి" అన్న సలహా చదివి నిజంగా భయపడ్డాను. కొన్ని కీమో మందుల తర్వాత వేళ్లు, పాదాలు మొద్దుబారి ఉంటాయి. వేడి ఎంతుందో చర్మానికి తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది. ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు తీసేసినవాళ్లకి ఆ వైపు చేతికి నీరు పట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఆ చేతికి ఎక్కువ వేడి తగలనివ్వొద్దని చెబుతారు. మీ పేజీ చదివి అలాంటి చేతి మీద వేడినీళ్ల సంచి పెట్టుకునేవాళ్లు ఉంటారు. నేనైతే గోరువెచ్చని నీళ్లే వాడతాను. ముందు మోచేతితో వేడి చూసుకుని, చేతులు ముంచి, మెల్లగా పిడికిలి మూసి తెరుస్తాను. రాత్రి మెత్తటి గ్లౌజులు వేసుకుని పడుకుంటాను. మోకాళ్లకి చలిగాలి తగలనివ్వను.

అన్నిటికన్నా మేలు చేసింది నడక. 2015లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఈ మాత్రలు వాడుతూ కీళ్లనొప్పి ఉన్న 121 మంది ఆడవాళ్లలో కొందరి చేత వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, రెండుసార్లు బరువులతో కసరత్తు చేయించారు. ఏడాదికి వాళ్లలో తీవ్రమైన నొప్పి సుమారు 29 శాతం తగ్గింది. వ్యాయామం చేయించని మిగతావాళ్లలో తగ్గలేదు. చలికి బయటికి వెళ్లలేని రోజు నేను ఇంట్లోనే, ఈ గదిలోంచి ఆ గదిలోకి, నడుస్తాను.

ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్న ఒక చెల్లెమ్మ, చలికి తట్టుకోలేక మాత్ర మానేశానని, డాక్టరుకి చెప్పలేదని నా చెవిలో చెప్పింది. తిడతారని భయమట. ఆమె మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మానక్కర్లేదు, చెబితే దారులున్నాయి. ఒక మాత్ర పడకపోతే అదే కోవలోని ఇంకొకటి కొందరికి పడుతుంది. డాక్టరు చెబితే కొద్ది వారాలు ఆపి చూస్తారు. డ్యులోక్సెటిన్ అనే మందు కొందరికి నొప్పి తగ్గిస్తుంది. విటమిన్ డి, ఎముకల సాంద్రత పరీక్షలు ఎలాగూ చేయించాలి, ఈ మాత్రలు ఎముకల్ని కూడా పలచన చేస్తాయి. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు సొంతంగా నొప్పి బిళ్లలు మింగితే అదొక కొత్త కష్టం.

ఇది మా ఒక్కరి సమస్య కూడా కాదు. షుగర్‌కి వాడే సిటాగ్లిప్టిన్ తరహా మందులతో తీవ్రమైన కీళ్లనొప్పి రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. సొంతంగా మానొద్దు, డాక్టరుకి చెప్పండి అని కూడా అందులోనే ఉంది. ఆ మాత్రలు వేసుకునేవాళ్లు మీ పాఠకుల్లో ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

దయచేసి వచ్చేసారి వ్యాసంలో "మీరు ఏ మందులు వాడుతున్నారు?" అన్న ప్రశ్నని మొదటి పేరాలోనే వేయండి. వీలైతే ఒక క్యాన్సర్ డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు చేత పాఠకుల సందేహాలకి జవాబులు రాయించండి. నా సందేహం ఇప్పుడే పంపుతున్నాను: చంకలో గ్రంథులు తీసేసిన చేతితో బరువుల వ్యాయామం ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఎంత దాకా పెంచుకోవచ్చు?

ఇట్లు,
మీ పాఠకురాలు