‘సోయ్ ఇందియో’ అని అమ్మాయిలు అనరు

సంపాదకులకు నమస్కారం.

మీ కెరీర్ పేజీలో వచ్చిన స్పానిష్ పాఠం చూశాను. తెలుగు పేపర్లో ఒక విదేశీ భాషకు సగం పేజీ ఇవ్వడమే గొప్ప. కానీ అందులోని ‘దేశాలు – జాతీయతలు’ పట్టికతో మాత్రం నాకు పేచీ ఉంది. దేశానికి ఒక్క మాట చొప్పున వేశారు. అన్నీ పుంలింగమే, పైగా ఇంగ్లిష్‌లోలాగా మొదటి అక్షరం పెద్దది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని బట్టీపట్టిన అమ్మాయిలు నా క్లాసుకొచ్చి ‘సోయ్ ఇందియో’ అంటున్నారు, అంటే ‘నేను భారతీయుణ్ణి’ అని. అమ్మాయి అయితే ‘సోయ్ ఇందియా’ అనాలి.

పెద్దక్షరం గొడవ కూడా ఇక్కడే. స్పానిష్‌లో దేశం పేరుకు పెద్దక్షరం. జాతీయతకూ, భాష పేరుకూ వాక్యం మొదట్లో తప్ప చిన్నదే. ఇందియా అని పెద్దక్షరంతో రాస్తే మన దేశం, చిన్నక్షరంతో రాస్తే భారతీయురాలు. మీ పట్టికలోలా పెద్దక్షరం పెట్టి ‘సోయ్ ఇందియా’ అని రాసిన అమ్మాయి ‘నేను భారతదేశాన్ని’ అని పరిచయం చేసుకున్నట్టే!

తెలుగులో మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు. ‘మంచి’ ఎక్కడా మారదు. అందుకే మనవాళ్ళకు ఇది ఒక పట్టాన ఎక్కదు. నేను హిందీ గుర్తుచేస్తాను: అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ. హైదరాబాద్ పిల్లలు వెంటనే పట్టేస్తారు. అలాగని ఇదంతా మనిషి ఆడా మగా అన్నదాని గురించే అనుకోకూడదు. 2022లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచింది ‘లా సెలెక్సియోన్ అర్హెంతీనా’, అంటే అర్జెంటీనా జట్టు. మెస్సీతో సహా ఆడినవాళ్ళంతా మగవాళ్ళే. కానీ ‘సెలెక్సియోన్’ స్త్రీలింగం కాబట్టి విశేషణమూ దాని వెంటే వెళ్ళింది. అదే జట్టును ‘ఎకీపో’ అన్న పుంలింగ పదంతో అంటే, అది ‘అర్హెంతీనో’ అయిపోతుంది. క్రికెట్ తప్ప ఇంకోటి మాట్లాడని కుర్రాళ్ళకు కూడా ఈ ఉదాహరణ బాగా అర్థమవుతుంది.

చివర ‘ఓ’ తీసి ‘ఆ’ పెడితే పనైపోతుందనీ కాదు. ఇంగ్లేస్, ఫ్రన్సేస్ స్త్రీలింగంలో ఇంగ్లేసా, ఫ్రన్సేసా అవుతాయి, రాసేటప్పుడు అచ్చు మీదున్న గీత పోతుంది. కెనడావాళ్ళు ఆడైనా మగైనా కనదియెన్సే. బెల్జియం మగాడు కూడా బెల్గానే, ‘బెల్గో’ అన్న మాటే లేదు.

మీ పాఠం అసలు ముట్టుకోనిది ఇంకోటి ఉంది. పాతబస్తీ నుంచి వచ్చే నా విద్యార్థి ఒకడు మెక్సికో క్లయింట్లతో పనిచేస్తాడు. అతను ముస్లిం. అక్కడి మేనేజర్ ఒకావిడ తన టీమ్‌కు అతన్ని ‘ఎస్ ఇందూ’ అని పరిచయం చేసిందట. వింటే ‘ఇతను హిందూ’ అన్నట్టే ఉంటుంది. టెన్షన్ పడి రాత్రే నాకు ఫోన్ చేశాడు. ఆవిడ మతం ఊసే ఎత్తలేదు, ఇండియా వాడని మాత్రమే అంది. 1492లో కొలంబస్ కరీబియన్ దీవులకు చేరి, ఆసియాకు వచ్చేశాననుకుని అక్కడివాళ్ళను ‘ఇందియోస్’ అన్నాడు. ఆ పేరు ఆ ఖండాల ఆదివాసులకు అంటుకుపోయింది, మెక్సికోలో దాన్ని తిట్టుగా వాడేవాళ్ళూ ఉన్నారు. అందుకే మనల్ని ‘ఇందూ’ అనడం లాటిన్ అమెరికాలో మామూలే. స్పానిష్ భాషకు ప్రమాణాలు చెప్పే స్పానిష్ రాయల్ అకాడమీ కూడా, భారతీయులకు అసలు మాట ఇందియోనే అంటూ, అయోమయం రానంతవరకు ఈ వాడుకను ఒప్పుకుంటుంది. మనకు మాత్రం ‘సోయ్ దె లా ఇందియా’ అనడం హాయి. నేను ఇండియా నుంచి అని. దీనికి లింగభేదం కూడా లేదు. కాకపోతే విశేషణం రాయమని పరీక్షలో అడిగితే ఈ ఉపాయం పనిచేయదు.

ఆ పట్టికను రెండు లింగాలకూ, రెండు వచనాలకూ కలిపి నాలుగు గడులతో మళ్ళీ వేయండి. చోటు చాలకపోతే లక్సెంబర్గ్ తీసేయండి, స్పానిష్ నేర్చుకునేవాళ్ళకు దాంతో అంత అవసరం పడదు. స్పానిష్ మాట్లాడే పెరూ, చిలీ, కొలంబియాలను మాత్రం మీరు పూర్తిగా వదిలేశారు.

– ఒక స్పానిష్ టీచర్, తార్నాక, హైదరాబాద్