పై పోర్షన్ వాళ్లింటికి వెళ్లొచ్చాం

విజయవాడ,
ముక్కనుమ మర్నాడు

అమ్మలూ,

ఉత్తరమేంటి నాన్నా, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావని తెలుసు. ఫోన్లో అయితే మధ్యలో నువ్వు మాట్లాడతావు, నేను అసలు విషయం దాటేసి పిల్లాడి దగ్గు తగ్గిందా అని అడుగుతాను. దాటెయ్యడం నాకెంత అలవాటో ఇది చదివితే నీకే తెలుస్తుంది.

పండక్కి హైదరాబాద్ వెళ్లొచ్చాం. నీకు చెప్పొద్దని మీ అమ్మతో నేనే అన్నాను. తీరా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేస్తానేమోనని నా భయం.

సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లేవాళ్లని ఎక్కడైనా చూశావా? భోగి ముందురోజు పొద్దున్నే మేమెక్కిన బస్సులో అంతా కలిపి పదకొండు మందిమి. అటునుంచి జనాన్ని తెచ్చి దింపి, మళ్లీ తేవడానికి పోతున్న బస్సు అది. మా సంచులు చూసి డ్రైవరు, "పండగ అటుందా అండీ మీకు?" అని నవ్వాడు. పంతంగి టోల్‌గేటు దగ్గర అవతలి వైపు చూడాలి, ఎంత దూరం చూసినా కార్లే. పైన కట్టిన సూట్‌కేసులు, కిటికీల్లోంచి పిల్లల కాళ్లు. మన వైపు మాత్రం బస్సు ఆగీ ఆగకుండా దాటేసింది. నీకు గుర్తుందా, ఆ దారిన ఊరెళ్తుంటే వాంతులొస్తాయని నీ చేతిలో నిమ్మకాయ పెట్టేది మీ అమ్మ. హైదరాబాద్‌లో ఉన్న పదిహేడేళ్లూ పండగొస్తే "ఊరెళ్తున్నాం" అని ఇటు వచ్చేవాళ్లం. ఈసారి పక్కింటివాళ్లు అడిగితే మీ అమ్మ అదే మాట అంది, "ఊరెళ్తున్నామండీ, హైదరాబాద్" అని. వాళ్లకి అర్థం కాలేదు.

ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కాం. మనం వచ్చేశాక, 2020లో వేసిన లైను అది. సుల్తాన్ బజార్ ఇరుకు సందు మీంచి రైలు పోతుంటే, మేడల మీద పతంగులెగరేసే పిల్లలు సరిగ్గా మన ఎత్తులో, మన కళ్లకెదురుగా ఉంటారు. అవతలి పతంగి తెగ్గొట్టి ఒకడు "అఫా!" అని అరిచిన అరుపు అద్దంలోంచి వినపడలేదు గానీ నోరు తెరిచిన తీరుని బట్టి తెలిసిపోయింది. మన డాబా మీద దారం చుట్టిన చరక్ పట్టుకోవడం నీ డ్యూటీ, ఎగరెయ్యడం పై పోర్షన్ మామయ్య డ్యూటీ. దారం తెగితే తప్పు ఎప్పుడూ నీదే. నువ్వు ఏడుస్తూ కిందికి దిగొచ్చేదానివి, వెనకాలే ఆయన ఓ కొత్త పతంగి పట్టుకుని దిగేవాడు.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగాక కాసేపు నాకు దిక్కు తెలియలేదు. తలమీద మెట్రో, దానికి అడ్డంగా ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో కట్టిన స్టీల్ బ్రిడ్జి. సుదర్శన్, దేవి థియేటర్లు కనపడ్డాకే ఎటు తిరగాలో తెలిసింది. అశోక్‌నగర్ మొత్తం కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. మనం ఉన్నప్పుడూ ఉండేవి గానీ ఇన్ని కావు. పండగపూట కూడా గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు ఇడ్లీ బండి దగ్గర నిలబడి, చేతిలో కాగితాలు చూసుకుంటూ తింటున్నారు. ఇళ్లకి ఎందుకు వెళ్లలేదని అడగబోతే మీ అమ్మ నా చొక్కా పట్టి లాగింది. అడక్కపోవడమే మంచిదైంది.

మన ఇల్లు లేదమ్మా. డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది, మన వేపచెట్టు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మామయ్య వాళ్లది మూడో అంతస్తు. ఇప్పటికీ పై పోర్షనే అన్నమాట.

ఇక్కడ అసలు సంగతికి రావాలి. నీ పెళ్లప్పుడు నువ్వు నన్నో మాట అడిగావు, "పై పోర్షన్ వాళ్లని పిలిచారా?" అని. అడ్రస్ మారిపోయిందట, దొరకలేదు అన్నాను. అది అబద్ధం. అడ్రస్ ఉంది, ఫోన్ నంబరు ఉంది. కార్డు మీద ఆయన పేరు నా చేత్తో రాసి, స్టాంపులు కూడా అంటించాను. డబ్బాలో వెయ్యలేదంతే.

2000 ఆగస్టు వరద నీకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదేళ్లదానివి. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్ సాగర్ నాలా పొంగి అర్ధరాత్రి మన కింది వాటాలోకి నీళ్లొచ్చేశాయి. మంచం కోళ్లు మునుగుతుంటే మామయ్య మోకాళ్లలోతు నీళ్లలో దిగొచ్చి నిన్ను భుజాన వేసుకుని పైకి తీసుకెళ్లాడు. తర్వాత గ్యాస్ సిలిండర్ కోసం దిగాడు. అప్పుడు నేను బ్యాంకు తాళాలు వెతుక్కుంటున్నాను, అది వేరే సంగతి. పదకొండు రోజులు వాళ్ల రెండు గదుల్లో మనం ముగ్గురం, వాళ్లు నలుగురు. తడిసిన నీ మూడో తరగతి పుస్తకాల్ని అత్తయ్య ఒక్కో పేజీ మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టింది. పెట్టె మరీ వేడెక్కితే పేజీ పసుపుపచ్చగా మాడేది. అలా మాడిన తెలుగు వాచకాన్నే నువ్వు ఏడాదంతా బడికి పట్టుకెళ్లావు, కొత్తది కొంటానన్నా వద్దన్నావు.

ఆ పదకొండు రోజుల్లో మీ అమ్మా అత్తయ్యా వదినలయ్యారు, నేనూ ఆయనా బావలమయ్యాం. అంతకుముందు "సార్" అనుకునేవాళ్లం.

2006లో నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఇటు వచ్చేశాం, ఇల్లు కట్టుకున్నాం. 2013 జులై 30 రాత్రి ఆయన ఫోన్ చేశాడు. తెలంగాణ ఇస్తున్నట్టు ఢిల్లీలో ప్రకటించిన రోజు. పక్కన టపాకాయల మోత. ఆ మనిషి 1969లో కాలేజీ కుర్రాడిగా లాఠీ దెబ్బలు తిన్నవాడు, ఆ రోజు కోసం ఎన్నేళ్లు చూశాడో నాకు తెలుసు. అన్నీ తెలిసే నేను, "మొత్తానికి మా హైదరాబాద్ మాకు కాకుండా చేశారుగా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మీ హైదరాబాద్ అయితే మరి ఎందుకు విడిచిపెట్టి పోయిన్రు సార్?" అన్నాడు.

ఆ 'సార్' నాకు తగిలింది. ఫోన్ పెట్టేశాను. అంతే. పదేళ్ల పైమాట.

ఆ గొడవల్లో ఎవరి వాదన ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఆ ఒక్క ఫోన్ గురించి. ఆయన సంతోషం పంచుకోడానికి ముందుగా గుర్తొచ్చింది నేను. ఆ మాట నాకు తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇంకో సంగతి. మీ అమ్మా అత్తయ్యా ఇన్నాళ్లూ మాట్లాడుకుంటూనే ఉన్నారట! బస్సు చౌటుప్పల్ దాటాక చెప్పింది మహాతల్లి. నీ పెళ్లయ్యాక ఓ ఏడాది మాత్రం మొహం చెల్లక ఫోన్ చెయ్యలేదట. మేం బయల్దేరినట్టు అక్కడ అందరికీ ముందే తెలుసు, తెలియందల్లా నేను టెన్షన్‌తో చస్తున్న సంగతే.

తలుపు ఆయనే తీశాడు. బాగా సన్నబడ్డాడు, వినికిడి మిషన్ పెట్టుకున్నాడు. "రండి సార్, రండి" అన్నాడు. మళ్లీ సారే.

లోపల అత్తయ్య సకినాలు పోస్తోంది. పరిచిన తడిబట్ట చుట్టూ వాళ్ల కోడలు, పక్క ఫ్లాట్లవాళ్లు ఇద్దరు. ముందు పసుపు బొట్టుతో పిండి గౌరమ్మ. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి ముద్ద అత్తయ్య చేతిలోంచి బొటనవేలి కిందుగా మెలిక తిరుగుతూ జారి, బట్ట మీద చుట్టలు చుట్టలుగా పడుతోంది. చూస్తే తాడు పేనినట్టుంది. మూడు చుట్లు, ఎక్కడా తెగదు. చేతులు వణుకుతాయని మందు వాడుతోందట, పిండి చేతిలో ఉన్నంతసేపూ మాత్రం వణుకు లేదు. మీ అమ్మ కాళ్లు కడుక్కుని సరాసరి వెళ్లి కూర్చుంది. మనవాళ్లకి ఆ మెలిక ఎప్పటికీ రాదు. మీ అమ్మ పోసినవి జంతికల్లా వచ్చాయి, వాటిని విడిగా ఓ పళ్లెంలో పెట్టారు.

మేం తెచ్చిన అరిసెల డబ్బా అందిస్తూ మీ అమ్మ దాని మీద ఓ కవరు పెట్టింది. నా గుండె ఆగింది. నీ పెళ్లి కార్డు. నా బీరువా అడుగున ఎప్పుడు చూసిందో, ఎప్పుడు తీసిందో! అత్తయ్య పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, కళ్లజోడు తెప్పించుకుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. మధ్యాహ్న విందు దాకా. చదివి, "ముహూర్తం దాటిపాయె గని వదినా, పెండ్లి బువ్వ బాకీ అట్లనే ఉన్నది" అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కార్డు తీసుకుని, కవరు మీద స్టాంపుల వైపు ఓసారి చూసి, లోపలికి పట్టుకెళ్లాడు.

భోగి, సంక్రాంతి రెండు రోజులూ మర్యాదలతోనే గడిచాయి. పేపరు వస్తే సగం ఆయన, సగం నేను. ఆటల పేజీ నాకే ఇచ్చాడు, వెనకటిలాగే. మాటలు మాత్రం బీపీలు, మోకాళ్లు, కరెంటు బిల్లులు.

కనుమనాడు సాయంత్రం అందరం నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే ఆయన పాత పాఠం మొదలెట్టాడు: 1938లో మొదలైంది, ఈ టికెట్ పైసలతో ఆడపిల్లల కాలేజీలు నడుస్తయి అని. నువ్వూ నేనూ వెనక నడుస్తూ ఆయనలా చెయ్యి ఊపుతూ నవ్వుకునేవాళ్లం కదా. ఈసారి మొత్తం విన్నాను. ఆడవాళ్లు దుప్పట్ల స్టాళ్లలోకి వెళ్లిపోయారు, అంటే గంటన్నర. మేమిద్దరం ఓ అరుగు చూసుకుని కూలబడ్డాం. ఎదురుగా పిల్లల రైలు తిరుగుతోంది. అది మూడుసార్లు తిరిగేదాకా ఎవరం ఏమీ అనలేదు.

అప్పుడన్నాడు, "ఆ దినం ఫోన్ల నేనన్నది తప్పని నేననుకుంట లేను."

"కాదు" అన్నాను.

"గని బిడ్డ పెండ్లికి పిలవకపోవుడు తప్పు."

"తప్పే."

"వరదల భుజం మీద ఏసుకొచ్చిన పిల్ల అది." ఇంకేదో అనబోయి ఆగి, మిషన్ సరిచేసుకున్నాడు. రైలు ఇంకోసారి తిరిగింది. "ఇంట్ల చెప్పనంటే, మిర్చి తిందమా బావా?" అన్నాడు.

తిన్నాం. చెరో నాలుగు. మీ అమ్మకి చెప్పకు.

తిరుగు ప్రయాణంలోనూ మా బస్సు ఖాళీయే. జనమంతా అటు వెళ్తుంటే మేమిటు వచ్చాం.

నీకు రెండు పనులు. మామయ్య నంబరు మీ అమ్మ పంపుతుంది. పొద్దున ఆరింటికి ఆయన ఇందిరా పార్కుకి నడకకి పోతాడు, అక్కడ మిషన్ తీసేస్తాడు కాబట్టి ఎనిమిది దాటాక చెయ్యి. కాస్త గట్టిగా మాట్లాడు. వేసవి సెలవుల్లో పిల్లాణ్ణీ అల్లుణ్ణీ తీసుకొస్తావని, ఆ బువ్వ బాకీ అప్పుడు తీరుతుందని నీ తరఫున నేను మాటిచ్చేశాను, రైలు టికెట్లు చూసుకో. రెండోది, ఆ మాడిన వాచకం నువ్వింకా దాచుకున్నావని అత్తయ్యతో అన్నాను. మీ బెంగళూరు ఇంటి అటక మీది అట్టపెట్టెలో ఉండాలి. వెతుకు. లేకపోతే నేను ఇంకో అబద్ధం ఆడినట్టవుతుంది.

సకినాలు కొరియర్ చేశాను. సగం డబ్బాయే ఉంటే కంగారుపడకు, బస్సు కుదుపులకి విరిగినవన్నీ నేను తినేశాను. పైన కవర్లో విడిగా పెట్టిన జంతికల్లాంటివి మీ అమ్మ పోసినవి. బాగున్నాయని చెప్పు.

నాన్న