జోరీగలను పట్టి లెక్కపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

వానాకాలం పశువుల జాగ్రత్తల గురించి మీ పేపర్లో ప్రతి ఏడూ రాస్తున్నారు. గాలికుంటు టీకా, గొంతువాపు టీకా, పాకలో సున్నం చల్లడం, అన్నీ పనికొచ్చే మాటలే. ఈగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఈగలు, దోమలు లేకుండా చూసుకోవాలి' అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఏ ఈగ? ఎక్కడ పుట్టే ఈగ? మా కోనసీమలో సార్వా నాట్లు పడ్డ దగ్గర్నుంచి గేదెల్ని పీక్కుతినేవి మూడు నాలుగు రకాలున్నాయి, ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనిచెయ్యదు.

జోరీగనే తీసుకోండి. ఎండ ఎక్కాక గేదెలు కాలవ గట్టు మీద మేస్తున్నప్పుడు వస్తుంది. ఆడదే కరుస్తుంది, గుడ్లు పెట్టడానికి దానికి నెత్తురు కావాలి, మగది పూలలో తేనె తాగి బతుకుతుంది. దోమలా గుచ్చి పీల్చుకోదు, చర్మాన్ని కోసి ఊరిన నెత్తురు నాకుతుంది, అందుకే అది లేచిపోయాక కూడా డొక్క మీద బొట్టు కారుతూనే ఉంటుంది, ఆ బొట్టు మీద మళ్లీ మామూలు ఈగలు ముసురుతాయి. నొప్పికి గేదె తోక విసురుతుంది, తల విదిలిస్తుంది, ఈగ కడుపు నిండకుండానే లేచి పక్క గేదె మీద వాలుతుంది.

నెత్తురులో చేరే క్రిమి వల్ల పశువులకి వచ్చే సర్రా జబ్బు పాకేది ఇలాగే. ఈగ మూతికి అంటుకున్న తడి నెత్తురులో సర్రా క్రిమి కాసేపు బతికే ఉంటుంది, ఆ కాసేపట్లో పక్క పశువుని కరిస్తే చాలు. ఈ క్రిమిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాలు, ఒంటెల నెత్తురులో కనిపెట్టాడు, అప్పట్లో అది మన దేశమే, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఇన్నేళ్లు గడిచినా మా ఊళ్లలో గేదె పాలు తగ్గితే దాణా తేడా చేసిందంటాం, చూడి ఈసుకుపోతే దిష్టి తగిలిందంటాం. గేదెల్లో సర్రా చాలాసార్లు పైకి కనపడదు. జ్వరం వచ్చి పోతుంటుంది, ఒంట్లో నెత్తురు తగ్గుతుంది, అంతే. జ్వరం ఉన్నప్పుడే చుక్క నెత్తురు తీసి మైక్రోస్కోపు కింద చూడాలి, దొరికితే ఇంజెక్షన్ ఉంది. మనుషులకి సోకడం చాలా చాలా అరుదు, మహారాష్ట్రలో ఒక రైతుకి సోకినట్టు మాత్రం 2005లో బయటికొచ్చింది.

ఇక పాకలో ఉండేది వేరే ఈగ. స్టేబుల్ ఫ్లై అంటారు, చూడ్డానికి ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంటుంది గానీ మూతి సూదిలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. కాళ్ల మీద కరుస్తుంది, ఆడా మగా రెండూ కరుస్తాయి. గేదె నిలబడ్డచోటే ఊరికే కాళ్లు నేలకేసి కొడుతుంటే అనుమానించాల్సింది దీన్నే. వానకి తడిసి కుళ్లిన గడ్డివాము అడుగున, పేడా ఉచ్చా కలిసిన చెత్తలో పుడుతుంది. ఆ చెత్త ఎత్తేస్తే సగం పీడ పోతుంది, గోడల మీద వాలే అలవాటుంది కాబట్టి పాకలో కొట్టిన మందు కూడా కొంత పనిచేస్తుంది.

జోరీగ అలా కాదు. పాకలో కాపురం ఉండదు. నీళ్ల మీదికి వంగిన ఆకులకి గుడ్లు గుత్తిగా అంటిస్తుంది, పురుగులు తడి మట్టిలోకి దిగి వానపాముల్ని, చిన్న పురుగుల్ని తింటూ నెలల తరబడి పెరుగుతాయి. బోదెలు, మురుగు కోడులు, గుర్రపుడెక్క పట్టిన కాలవలు, మన డెల్టా అంతా ఆ బురదే కదా. అందులో మందు పొయ్యగలమా? ఆ నీళ్లే తాగుతున్నాం, అవే రొయ్యల చెరువుల్లోకి వెళ్తున్నాయి. మరి జోరీగ కోసమని పాక గోడలకి వేలకి వేలు మందు కొట్టించి ఏం లాభం?

అందుకే గుడ్డ ట్రాపులు పెట్టమంటున్నాను. స్టీవ్ మిహోక్ అనే ఆయన 2002లో ప్రకటించిన న్జీ ట్రాప్ ఉంది, నీలం గుడ్డ, నల్ల గుడ్డ, దోమతెర, పైన ప్లాస్టిక్ సీసా, అంతే సరుకు. ఈగ నీలం చూసి వస్తుంది, నలుపు దగ్గరికి వెళ్తుంది, వెలుతురు వైపు పైకి లేచి సీసాలో పడుతుంది. మా ఊరి టైలరుతో ఒకటి కుట్టించి కొబ్బరితోట నీడలో కాకుండా బయట ఎండలో, గేదెలు నడిచే దారి పక్కన పెట్టాను. మెరిసే పాలిస్టర్ వద్దు, మంచి నీలం నూలు గుడ్డే కావాలి, నీలం ఛాయ మారితే ఈగలు తగ్గుతాయి. పులిసిన ఆవు పంచితం సీసాలో పోసి పక్కన పెడితే ఇంకా వస్తాయి. పడ్డ జోరీగని బతికుండగా దగ్గరగా చూడండి, కొన్ని రకాలకి కళ్లు పచ్చగా మెరుస్తూ అడ్డచారలతో ఉంటాయి, చచ్చి ఎండాక ఆ రంగు పోతుంది. రెండు కళ్ల మధ్య సందు ఉంటే ఆడది, కళ్లు కలిసిపోయి ఉంటే మగది. డిగ్రీ జువాలజీ పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఏముంటుంది?

ఈ ట్రాపులతో జోరీగలు అంతరించిపోతాయని నేననడం లేదు. ఏ నెలలో, ఏ మండలంలో, ఏ రకం ఎక్కువో తెలుస్తుంది, అది చాలు. పశుసంవర్ధక శాఖ వాళ్లూ గన్నవరం వెటర్నరీ కాలేజీ వాళ్లూ కలిసి ధవళేశ్వరం వైపు కొన్ని, డెల్టా నడిమధ్య కొన్ని, కోరింగ మడ అడవుల పక్క కొన్ని పెట్టి సార్వా ముందు నుంచి దాళ్వా కోతల దాకా వారం వారం లెక్క తియ్యాలి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం వేసినట్టు ఆ లెక్క మీ జిల్లా పేజీలో వెయ్యండి. లెక్క పెరిగిన ఊళ్లలో వెంటనే గేదెల రక్తపరీక్షలు చెయ్యాలి. రాత్రిపూట గొర్రెల్ని కుట్టి నీలినాలుక జబ్బు తెచ్చే సన్న దోమలు ఈ గుడ్డకి రావు, వాటికి లైటు, ఫ్యాను ఉన్న ట్రాపు వేరే పెట్టుకోవాలి.

మా పొలం గట్టు మీద స్థలం ఇస్తాను. సీసా మార్చి, పడ్డవాటిని తేదీ రాసి స్పిరిట్‌లో వేసి ఉంచే పని కూడా నేనే చేస్తాను, వాటిని చూసి రకం చెప్పే మనిషిని ఎవరైనా పంపితే చాలు.

ఇట్లు,
ఒక పాడి రైతు,
ముమ్మిడివరం మండలం, కోనసీమ