రాళ్లు ఇచ్చారు, రిపోర్టు ఇవ్వలేదు

సంపాదకులకు నమస్కారం.

గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మనిషి ఎన్నేళ్లు బతుకుతారో కంప్యూటర్ లెక్క కట్టి చెబుతుందని పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో రాశారు. చెబుతుంది, నిజమే. మా ఇంట్లో ఆ లెక్క వేసి చూసుకున్నాం కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అక్కకు 58 ఏళ్లు. ఏడాది కిందట నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ తీసేశారు. డిశ్చార్జి రోజున రాళ్లను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతికిచ్చారు. శనగగింజలంతవి, పదకొండు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ బావగారు ఆ డబ్బా గలగలలాడించి మరీ చూపించారు. తీసిన గాల్‌బ్లాడర్‌ను బయాప్సీకి పంపామని మాత్రం మాతో ఎవరూ అనలేదు. కుట్లు విప్పిన రోజూ అనలేదు. ఆ రిపోర్టు ల్యాబ్ కౌంటర్లో మూడు వారాలు పడి ఉంది. ఇన్సూరెన్స్ కాగితాల కోసం వెళ్లిన అక్క కొడుక్కి దొరికింది. తీరా చూస్తే అందులో ‘అడినోకార్సినోమా’ (ఒక రకం క్యాన్సర్) అన్న ఒక్క ముక్కే ఉంది. ఎంత లోతుకు దిగింది, ఏ వైపు ఉంది, కోసిన అంచుల్లో ఏమైనా మిగిలిందా, ఇవేమీ లేవు.

ఆ రాత్రి వాడు ఫోన్లో ఒక కాలిక్యులేటర్ తెరిచాడు. వయసు కొట్టాడు. లోతు దగ్గర అంచనాగా ఏదో నొక్కాడు. క్యాన్సర్ పాకే అవకాశమున్న చుట్టుపక్కల లింఫ్ గ్రంథుల్లో ఎన్నింటిలో అది ఉందని అడిగితే, రిపోర్టులో ఏమీ లేదు కదా అని సున్నా వేశాడు. బతికే అవకాశం మంచి పర్సంటేజీయే వచ్చింది. ఆ నంబరు చూసుకుని అందరం కాస్త అన్నం తిన్నాం. మర్నాడు క్యాన్సర్ సర్జన్‌కు చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఈ సున్నా ఎక్కడిది?” రాళ్ల ఆపరేషన్‌లో సాధారణంగా గ్రంథులు తీయరట. వెతికితే దొరకని సున్నా వేరు, అసలు వెతకని సున్నా వేరు. ఫోనుకు ఆ తేడా తెలియదు, మాకూ తెలియలేదు.

రాళ్ల కోసం తీసిన గాల్‌బ్లాడర్లలో ఇలా అనుకోకుండా క్యాన్సర్ బయటపడేది నూటికి ఒకటి, అంతకన్నా తక్కువే కూడా. కానీ ఆ ఒక్కరికి బయాప్సీ రిపోర్టే జాతకం. లోపలి పొర దాటకపోతే జరిగిన ఆపరేషనే దాదాపు సరిపోతుంది. కండర పొరలోకి దిగితే మళ్లీ ఆపరేషన్ చేసి, కాలేయంలో ఒక ముక్క, చుట్టూ ఉన్న గ్రంథులు తీయాలి. కండరం దాటాక కాలేయం వైపు ఉందా, పొట్ట లోపలి వైపు ఉందా అన్నదాన్ని కూడా 2018 నుంచి స్టేజీల్లో వేరుగా చూస్తున్నారు. కాలేయం వైపుదే కాస్త మొండిది. కనీసం ఆరు గ్రంథులు పరీక్షించాలి. మూడింటి దాకా క్యాన్సర్ ఉంటే ఒక లెక్క, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువైతే ఇంకో లెక్క.

మొదటి ల్యాబ్ నుంచి స్లైడ్లు, గాల్‌బ్లాడర్ ముక్కలు పొదిగిన మైనపు దిమ్మెలు తెచ్చి వేరే చోట మళ్లీ చదివించడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. రెండో ఆపరేషన్‌లో ఏడు గ్రంథులు తీశారు. ఏడింటిలో సున్నా. ఈ సున్నా అసలుది.

ఇంకో మాట. ఈ కాలిక్యులేటర్లలో చాలావాటికి పునాది అమెరికా వాళ్ల ‘సీర్’ క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే క్యాన్సర్ రోగుల వివరాలు రాసిపెట్టే చిట్టా. కీమో మాత్రలు డబ్బుల్లేక మధ్యలో ఆపేసిన మన మనిషి ఆ లెక్కలో ఎక్కడుంటాడు? ఐసీఎంఆర్ 1981లో మొదలుపెట్టిన జాతీయ రిజిస్ట్రీలోకి హైదరాబాద్ లెక్కలూ వెళ్తున్నాయి, సంతోషమే. కానీ కొత్త కేసులు లెక్కపెట్టడంతో సరిపోదు. ఆపరేషన్ అయినవాళ్లకు ఐదేళ్ల పాటు ఫోన్ చేసి ఎలా ఉన్నారని రాసుకోవాలి. ఇక్కడి ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రికీ నిమ్స్‌కీ జిల్లాల నుంచి ఎంతమంది వస్తారో అందరికీ తెలుసు. వాళ్ల వివరాలు అలా పోగుచేస్తే మన లెక్క మనమే కట్టుకోవచ్చు.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. దాని ముందు ఒక బయాప్సీ ఖర్చెంత? ఆరోగ్యశ్రీ అయినా, ఇన్సూరెన్స్ అయినా, చేతి డబ్బయినా, గాల్‌బ్లాడర్ తీస్తే పూర్తి బయాప్సీ రిపోర్టు పేషెంటు చేతికి ఇచ్చి, చదివి చెప్పి, సంతకం తీసుకోవాలని ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

మీరు కూడా ఒక పని చేయండి. వచ్చే ఆదివారం పేజీలో బయాప్సీ రిపోర్టు నమూనా ఒకటి వేసి, ఏ వరుసలో ఏముండాలో డాక్టరు చేత రాయించండి. ఫోన్లో ఫొటో తీసి దాచుకుంటాం.

— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్