రాక్ సంగీతకారుల మరణాలకు శాపం కథలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో '27 క్లబ్' మీద, అంటే 27 ఏళ్లకే మరణించిన సంగీతకారుల మీద, వచ్చిన వ్యాసం చదివాను. బ్రయాన్ జోన్స్, జిమి హెండ్రిక్స్, జానిస్ జోప్లిన్, జిమ్ మోరిసన్ నలుగురూ 1969 జూలై 3 నుంచి 1971 జూలై 3 దాకా, సరిగ్గా రెండేళ్ల వ్యవధిలో, 27 ఏళ్ల వయసులోనే కన్నుమూయడం ఎవరినైనా ఉలిక్కిపడేలా చేస్తుంది, కాదనను. అయితే ఆ కాకతాళీయాన్ని పట్టుకుని విధి, శాపం, రాలిన తారలు అంటూ పేజీలు నింపిన రచయిత, అక్కడ రాజ్యమేలిన వ్యసనం గురించి, దాన్ని చూసీచూడనట్టు వదిలేసిన వ్యాపారం గురించి నాలుగు వాక్యాలైనా రాయకపోవడం నాకు మింగుడుపడలేదు.

ముందు ఆ అంకె సంగతి. 1956 నుంచి 2007 వరకు బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ సాధించిన 1,046 మంది సంగీతకారుల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 27వ ఏట మరణాలు ప్రత్యేకంగా పెరిగిన దాఖలా ఏదీ అందులో కనబడలేదు. ఇరవైలలో, ముప్ఫైలలో ఉన్న ప్రఖ్యాత సంగీతకారులకు మాత్రం సాధారణ జనం కంటే మరణ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి అనుమానించవలసింది ఆ వృత్తి నడిచే తీరును.

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ ఉదంతం చూడండి. 1980 సెప్టెంబర్ 24న, అమెరికా పర్యటన కోసం జరుగుతున్న రిహార్సల్స్‌కు బయలుదేరిన ఆయన, దారిలో ఫలహారానికి ఆగి, ఒక హామ్ రోల్‌తో పాటు నాలుగేసి పెగ్గుల వోడ్కా నాలుగు గ్లాసులు తాగారు. రిహార్సల్‌లోనూ తాగుతూనే ఉన్నారు, రాత్రి బృందం గిటారిస్ట్ జిమ్మీ పేజ్ ఇంట్లోనూ తాగారు. మొత్తం సుమారు నలభై పెగ్గులని తరువాత లెక్క తేలింది. స్పృహ తప్పినవాణ్ని తీసుకెళ్లి పడుకోబెట్టారు. మర్నాడు చూసేసరికి, కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోయి ఉంది. వయసు 32. ఇందులో చాటుగా జరిగిందేమీ లేదు. వెంట ఉన్న సహాయకుడూ, తోటి వాద్యకారులూ అందరూ చూస్తుండగానే జరిగింది. పెద్ద బృందం పర్యటన అంటే మేనేజర్లు, వాద్యాలు మోసి అమర్చే రోడ్డీలు, సౌండ్, లైటింగ్ పనివాళ్లు, ట్రక్కు డ్రైవర్లు, ప్రమోటర్లు, ఇంతమంది జీతాలూ వేదిక ఎక్కే ఆ నలుగురు వాద్యకారుల చేతుల మీదుగా నడవాలి. తన జీతం ఎవరి వల్ల వస్తున్నదో ఆ మనిషి చేతిలోంచి గ్లాసు లాక్కునే ధైర్యం అందులో ఎవరికి ఉంటుంది? పిల్లి మెడలో గంట కట్టేవాడు లేకపోయాడు, అంతే.

అంతకు రెండేళ్ల ముందు, 1978 సెప్టెంబర్ 7న, ద హూ అనే రాక్ బృందం డ్రమ్మర్ కీత్ మూన్ కూడా 32 ఏళ్లకే మరణించారు. ఆయన ప్రాణం తీసింది, తాగుడు మానడానికి వైద్యుడు రాసిచ్చిన హెమినెవ్రిన్ మాత్రలే. వైద్యుల కనుసన్నల్లో వాడవలసిన మందు సీసాను అలాంటి రోగి చేతిలో పెట్టి ఇంటికి పంపడాన్ని శాపం అని ఎలా అనగలం?

అలాగని చుట్టూ ఉన్నవారందరూ స్వార్థపరులని నేననడం లేదు. 1972 నవంబర్‌లో గాయకుడు నీల్ యంగ్, వ్యసనం వల్ల రిహార్సల్స్‌లో గిటార్ మీద నిలదొక్కుకోలేకపోతున్న మిత్రుడు డానీ విటెన్‌ను బృందంలోంచి తప్పించి, యాభై డాలర్లు, లాస్ ఏంజెలెస్‌కు టిక్కెట్టు ఇచ్చి పంపించారు. ఆ రాత్రే విటెన్ మరణించారు. వెంట ఉంచుకుంటే వ్యసనాన్ని పోషించినట్టు, పంపేస్తే ఒంటరిని చేసినట్టు! చికిత్సకు చేర్చే దారి అప్పట్లో చాలా బృందాల ఊహలోనే లేదు.

విచ్చలవిడితనమే వ్యసనానికి మూలమని మీ రచయిత ఒక్క ముక్కలో తేల్చేసిన అభిప్రాయానికి అమెరికా రాక్ గాయకుడు టామ్ పెటీ మరణం గట్టి జవాబు. తుంటి ఎముక చిట్లినా ఆయన తన బృందం నలభయ్యో వార్షికోత్సవ పర్యటన ఆపలేదు. 2017 సెప్టెంబర్ 25న హాలీవుడ్ బౌల్‌లో చివరి కచేరీ ముగించి, సరిగ్గా వారానికి, అక్టోబర్ 2న కన్నుమూశారు. నొప్పి తగ్గించే ఫెంటనిల్, ఆక్సికోడోన్ వంటి మందులు కలిసి ప్రమాదవశాత్తూ ప్రాణం తీశాయని శవపరీక్ష తేల్చింది. 66 ఏళ్ల మనిషి నొప్పి ఓర్చుకుంటూ వేదిక ఎక్కిన కథ అది.

మరొక లోపం కూడా ఉంది. బతికి బయటపడినవారికి మీ వ్యాసంలో చోటే దక్కలేదు. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌ను హెరాయిన్ నుంచి బయటకు లాగాలని 1973 జనవరిలో ద హూ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ లండన్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో కచేరీ ఏర్పాటు చేశారు. కచేరీ జరిగింది, వ్యసనం మాత్రం వెంటనే వదలలేదు. అది వదిలాక తాగుడు పట్టుకుంది. 1982లో హేజెల్డన్ చికిత్సాలయంలో చేరి, మళ్లీ జారి, 1987లో రెండోసారి చేరాకే ఆయన నిలబడ్డారు. తరువాత కరీబియన్ దీవి ఆంటిగ్వాలో క్రాస్‌రోడ్స్ చికిత్సా కేంద్రాన్ని స్థాపించి, దాని కోసం 1999లో తన గిటార్లను వేలం వేశారు. ఇలా పడుతూ లేస్తూ సాగే కోలుకోవడం అకాల మరణమంత నాటకీయంగా ఉండదు కాబట్టేనేమో, అనుబంధాల ముఖచిత్రాలకు ఎక్కదు.

అభిమానుల వైపు నుంచి కూడా చెప్పుకోదగ్గ ప్రయత్నం ఒకటుంది. అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీల్లో, మత్తు మానేసిన అభిమానులు 1980లలో 'వార్ఫ్ ర్యాట్స్' పేరుతో ఒక బృందంగా ఏర్పడ్డారు. విరామ సమయంలో పసుపు రంగు బెలూన్ల గుర్తు దగ్గర చేరి, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుని, మళ్లీ పాట వినడానికి వెళ్లేవారు. మీ రచయిత ఈ శీర్షికను కొనసాగించే పక్షంలో, తరువాతి వ్యాసం వీరి మీద రాయాలని నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు