నెమ్మదిగా నడవని ఇంజిన్ గురించి ఔట్‌బోర్డ్ మోటర్ కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: గాలం వేటకని చెప్పి కొన్న 25 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే) ఇంజిన్ ఆ పనికి సరిపడకపోవడం, మార్చి ఇవ్వడానికి మీ డీలర్ ఒప్పుకోకపోవడం.

అయ్యా,

మాది అనకాపల్లి జిల్లా పూడిమడక. 22 అడుగుల ఫైబర్ బోటు మీద గాలాలతో వేట చేసుకుని బతుకుతున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఈ ఏడాది ఆ రోజుల్లో బోటు ఒడ్డున ఉండగానే మీ డీలర్ షాపుకు వెళ్లి 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ కొన్నాను. బిల్లు, వారంటీ కార్డు, సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చిన జాబ్ కార్డుల నకళ్లు ఈ లేఖకు జత చేశాను.

ఇంజిన్ పాడైందని నేను అనడం లేదు. థ్రాటిల్ మొత్తం తిప్పితే బోటు దూసుకుపోతుంది, అందులో ఏ వంకా పెట్టను. కానీ నా పని దూసుకుపోవడంతో అయ్యేది కాదు. ఆ సంగతి డబ్బు కట్టకముందే మీ వాళ్లకు వివరంగా చెప్పాను. చెప్పిన పనికి పనికిరాని ఇంజిన్ ఇచ్చారు. నా ఫిర్యాదు అదే.

షాపులో జరిగింది రాస్తాను. బోటు పొడవెంత, ఎంతమంది ఎక్కుతారు, ఎంత దూరం వెళ్తారు అని అడిగారు. బోటు వెనక చెక్క ఎత్తు కొలతడిగి 20 అంగుళాల లాంగ్ షాఫ్ట్ ఇచ్చారు. అంతవరకు పద్ధతిగానే చేశారు. తర్వాత ఎంత స్పీడు కావాలని అడిగారు. మాది బతికున్న ఎరతో చేసే వేట అని, కానాగంత చేపను గాలానికి గుచ్చి బోటు వెనక మెల్లగా లాగుతూ కోనాం (వంజరం) చేపను పడతామని, బోటు గంటకు రెండు నాటికల్ మైళ్లు దాటకూడదని చెప్పాను. "థ్రాటిల్ తగ్గిస్తే ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా పోతుంది సార్, పెద్ద ఇంజిన్ ఉంటే అన్నిటికీ పనికొస్తుంది" అన్నారు. అదే షాపులో 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ హై థ్రస్ట్ ఇంజిన్ స్టాండు మీద ఉంది. దాన్ని చూపించి అడిగితే "అది మీ బోటుకు చాలదు" అని కొట్టిపారేశారు. మా ఒడ్డున 9.9 ఇంజిన్లతో అలలు దాటి వెళ్లొచ్చే ఫైబర్ బోట్లు బోలెడున్నాయి. అమ్మేవాళ్లకు ఆ మాత్రం తెలియదంటే నేను నమ్మలేను.

నెమ్మదిగా పోవడం ఎందుకింత ముఖ్యమో మీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. కానాగంతను ముక్కు దగ్గర గుచ్చి, తోక వైపు ఇంకో చిన్న గాలం పెడతాం. కోనాం పళ్లు నైలాన్ తాడును కోసేస్తాయి కాబట్టి ముందు భాగం తీగతో కడతాం. బోటు మెల్లగా కదిలితే ఆ చేప తనంతట తాను ఈదుతున్నట్టే వస్తుంది, కోనాం నమ్మి కొడుతుంది. స్పీడు కాస్త పెరిగిందంటే కానాగంత ఈదడం మానేస్తుంది. నోరు తెరుచుకుని పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతుంది. ఆ తిప్పుడుకు తాడంతా మెలికలు పడుతుంది. కాసేపటికి చేప చచ్చి, తెల్లటి పొట్ట పైకి పెట్టి గుడ్డముక్కలా కొట్టుకొస్తుంది. దాన్ని ఏ కోనామూ ముట్టదు. ఉత్తుత్తి ఎరలు కట్టి వేగంగా లాగే వేట వేరే ఉంది, దానికి మీ ఇంజిన్ బాగానే పనికొస్తుంది. నేను చెప్పింది ఆ వేట గురించి కాదు.

ఇక లెక్క. అంకెలు మీ మాన్యువల్‌లోవే. గేరు నిష్పత్తి 2.08, అంటే ఇంజిన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం, 12 అంగుళాలు. గేరులో ఉన్నప్పుడు ఐడిల్, అంటే థ్రాటిల్ తిప్పకుండా ఇంజిన్ నడిచే వేగం, నిమిషానికి 950 చుట్లు (ఆర్‌పీఎం). అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించినా ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 457 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 12 అంగుళాలు చొప్పున లెక్కేస్తే గంటకు నాలుగున్నర నాటికల్ మైళ్లు వస్తుంది. నీళ్లలో ప్రొపెల్లర్ జారేది తీసేసినా మూడుకు పైనే మిగులుతుంది. నా జీపీఎస్‌లో కూడా అంతే చూపిస్తోంది. వెనక నుంచి గాలి తోస్తే ఇంకా ఎక్కువ. ఇంతకంటే తగ్గించాలంటే గేరు తీసి వేసి, మళ్లీ తీసి వేసి నడపాలి. అలా చేస్తే బోటు ఒక్కో కుదుపుతో పోతుంది. న్యూట్రల్‌లో పెట్టినప్పుడు తాళ్లు కిందికి వాలి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, గేరు వేయగానే ఎర ఒక్క ఉదుటున లాగబడుతుంది.

షాపులో వద్దన్న ఆ 9.9 హై థ్రస్ట్‌కు ఇదే లెక్క వేసి చూడండి. దాని గేరు నిష్పత్తి 2.92. ప్రొపెల్లర్ రెక్కలు పెద్దవి, పిచ్ 9 అంగుళాలే. అదే 950 దగ్గర ప్రొపెల్లర్ 325 చుట్లే తిరుగుతుంది. జారుడు లేకుండా లెక్కేసినా గంటకు 2.4 నాటికల్ మైళ్లు, జారుడు తీసేస్తే రెండుకు లోపే. నాకు కావలసింది సరిగ్గా అదే. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరగడం వల్ల బరువున్న బోటును తోసే పట్టు కూడా దానికి ఎక్కువ. హై థ్రస్ట్ అని పేరు పెట్టి అమ్మేది దీనికే కదా. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు, కౌంటర్ మీద కాలిక్యులేటర్ చాలు.

వేగం ఒక్కటే అయితే ఏదో ఒకలా సర్దుకునేవాణ్ని. గంటల తరబడి ఐడిల్‌లో నడిపితే ఈ టూ స్ట్రోక్ ప్లగ్గులు తడిసి నల్లబడిపోతున్నాయి. మీరు చెప్పిన 50:1 లెక్క ప్రకారం, 25 లీటర్ల పెట్రోల్‌కు అర లీటరు ఆయిలే కలుపుతున్నాం. అయినా ఆ తక్కువ వేడికి ఆయిల్ సరిగా కాలడం లేదు. పొగంతా వెనక తాళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్ల మొహం మీదికే వస్తోంది. కోనాం కొట్టి తాడు లాగేసినప్పుడు బోటు ఒక్కసారి ముందుకు పోవాలి, లేకపోతే తాడు వదులై గాలం జారిపోతుంది. సరంగు థ్రాటిల్ తిప్పితే ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. తాడు గుంజుతూ మళ్లీ స్టార్ట్ చేసేలోపు చేప పోతోంది. చేప పోతే పోయింది, ఒడ్డుకు వచ్చేటప్పుడు అలలు విరిగేచోట ఇలా ఆగితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ఇంట్లోవాళ్లకు మేం తిరిగొచ్చేదాకా టెన్షనే.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ ప్లగ్గులు మార్చి డబ్బు తీసుకున్నారు. జాబ్ కార్డు మీద "ఇంజిన్‌లో లోపం లేదు, ఎక్కువసేపు ఐడిల్‌లో నడపరాదు, మధ్యమధ్యలో ఫుల్ స్పీడులో నడపాలి" అని రాసిచ్చారు. దయచేసి ఆ కాగితం ఒకసారి చదవండి. నెమ్మదిగా నడపడానికని చెప్పి కొన్న ఇంజిన్‌ను నెమ్మదిగా నడపవద్దని మీ సంస్థ మనిషే రాసిచ్చాడు. షాపులో చెప్పింది నిజమా, ఇది నిజమా? ఇది నిజమైతే షాపులో నాకు అబద్ధం చెప్పి అమ్మారు.

డీలర్ చెప్పిన ఉపాయం బోటు వెనక బకెట్లు కట్టుకోమని. అదీ చేశాను. బోటు వేగం కాస్త తగ్గింది, నిజమే. చేప పడ్డాక అది బకెట్ తాడు చుట్టూ తిరిగితే మొత్తం చిక్కుపడి తీగ తెగిపోయింది. పిచ్ తక్కువ ప్రొపెల్లర్ వేయించుకోమని కూడా అన్నారు, అదీ నా ఖర్చుతోనే. 9 పిచ్ వేసినా రెండుకు దిగదు. పైగా ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ చెప్పిన ఆర్‌పీఎం దాటిపోయి పాడవుతుందని మీ మెకానిక్కే హెచ్చరించాడు.

ఫోర్ స్ట్రోక్ అయితే ఏ బాధా ఉండదని నేనూ అనుకోవడం లేదు. చల్లగా ఎక్కువసేపు నడిస్తే పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుందని, డిప్‌స్టిక్ చూసుకుంటూ ఆయిల్ త్వరగా మార్చుకోవాలని తెలుసు. ఆ శ్రమ పడటానికి నేను సిద్ధం. అది నా పనికి సరిపడే ఇంజిన్‌తో వచ్చే శ్రమ కాబట్టి.

నేను కోరేది ఇది. ఈ 25 హెచ్‌పీని వెనక్కి తీసుకుని, 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ హై థ్రస్ట్ లాంగ్ షాఫ్ట్ ఇంజిన్ ఇవ్వండి. ధరలో తేడా బిల్లుల ప్రకారం ఎటు వస్తే అటు సర్దుకుందాం. వాడకం కింద ఏదైనా తగ్గించాలంటే ఎంత, ఎందుకు అనేది కాగితం మీద చూపించండి. ప్లగ్గులకు, లేబర్‌కు తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వండి. ఇంకొకటి, ఇది నా ఒక్కడి కోసం కాదు. మీ కేటలాగ్‌లో ప్రతి ఇంజిన్‌కూ హెచ్‌పీ, బరువు, ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం వేస్తారు. గేరులో ఐడిల్ ఎంత, ఏ ప్రొపెల్లర్‌తో ఎంత తక్కువ వేగం వస్తుంది, ఆ వేగంలో ఎంతసేపు నడపొచ్చు అనేవి కూడా తెలుగులో వేయండి. ఔట్‌బోర్డ్ ఇంజిన్లలో కొన్నిటికి ట్రోలింగ్ (ఎరను వెనక మెల్లగా లాగుతూ పోవడం) కోసం ఆర్‌పీఎంను 50 చొప్పున తగ్గించుకునే, పెంచుకునే మీట ఉంటుంది. మీ ఇంజిన్లలో దేనికి ఉందో, దేనికి లేదో షాపులో చెప్పించండి. తీరంలో గాలం వేట మీద బతికేవాళ్లు మా ఊళ్లోనే వందల్లో ఉన్నారు.

వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వినియోగదారుడి కిందకు రానని డీలర్ మాట వరసకు అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి తానే వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందకు రాదని స్పష్టంగా ఉంది. నేను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని కూడా ఆ చట్టమే చెబుతోంది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అంతవరకు ఇంజిన్‌ను మీ మనుషులు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. వీలైతే బోటు ఎక్కి రమ్మనండి, జీపీఎస్ పెట్టి సముద్రంలోనే చూపిస్తాను.

ఇట్లు,
బోటు యజమాని,
పూడిమడక

జతపరచినవి: బిల్లు నకలు, వారంటీ కార్డు నకలు, జాబ్ కార్డుల నకళ్లు, ఐడిల్‌లో నడుస్తుండగా తీసిన జీపీఎస్ ఫొటోలు, మార్చిన ప్లగ్గుల ఫొటోలు.