ఆ ఆపరేషన్ నువ్వు చేయించుకో నాన్నా

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీస్సులు.

ఇద్దరు పిల్లలు చాలనుకున్నారని, వచ్చే నెల కోడలికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిద్దామంటున్నావని అమ్మ చెప్పింది. అమ్మాయికైతే పొట్టకు కోత పెట్టి లోపలి నాళాలు వెతికి కట్టాలి. నీకైతే శుక్రకణాలు వచ్చే నాళాలు వృషణాల సంచి చర్మం కిందే చేతికి తగులుతాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పెళ్లైన ఆడవాళ్లు నూటికి 37.9 మంది ఆపరేషన్ చేయించుకుంటే, మగవాళ్ల లెక్క 0.3. మన ఆంధ్రలో ఆడవాళ్ల లెక్క 70కి దగ్గర. ఇది అన్యాయం.

మగవాళ్ల భయానికీ ఒక కారణం ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో 60 లక్షలకు పైగా వేసక్టమీలు, అంటే మగవాళ్లకు చేసే ఈ ఆపరేషన్లు, జరిగాయి, చాలాచోట్ల బలవంతంగా. ఇప్పటి పద్ధతి వేరు. మత్తు అక్కడి వరకే ఇస్తారు. మొనదేలిన పరికరంతో చర్మానికి చిన్న రంధ్రం చేసి, ఒక్కో నాళాన్ని పైకి తీసి, కత్తిరించి, కట్టి లోపలికి వదులుతారు. కుట్లుండవు. ఇరవై నిమిషాల పని, అదే రోజు ఇంటికొస్తావు.

రెండు రోజులు విశ్రాంతి, బిగుతు డ్రాయరు. మొదటి రోజు స్నానం వద్దు. వారం దాకా సైకిల్ తొక్కకు, నీళ్ల క్యాన్ ఎత్తకు. తొందరపడితే లోపల రక్తం చేరి గడ్డకడుతుంది. వాపు పెరుగుతూ పోయినా, జ్వరమొచ్చినా, చీము కారినా ఆగకుండా డాక్టర్‌కి చూపించు.

బలం పోతుందన్న మాట నమ్మకు. మగతనాన్నిచ్చే హార్మోను వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, ఈ నాళాల్లోంచి పోదు. వీర్యమూ ఎప్పటిలాగే వస్తుంది. అందులో శుక్రకణాల వంతు చాలా కొంచెం.

అసలు పొరపాటు జరిగేది తర్వాత. బోరు మోటారు ఆపినా పైపులో మిగిలిన నీళ్లు కాసేపు వస్తాయి కదా, ఇదీ అంతే. కట్టిన చోటుకు పైన మిగిలిన శుక్రకణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ నిరోధ్ వాడాల్సిందే. దానికి కొబ్బరినూనె తగలనివ్వకు, రబ్బరు చెడుతుంది. మూడు నెలలు నిండాక వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్టు వచ్చాకే నిరోధ్ మానెయ్. చాలామంది ఈ పరీక్షకు వెళ్లరు. ఈలోగా గర్భమొస్తే ఏ పాపమూ ఎరుగని ఆడపిల్లను అనుమానిస్తారు. అంతకంటే ఘోరం ఉండదు. రిపోర్టు వచ్చాక కూడా తెగిన నాళం ఎప్పుడో ఒకరికి మళ్లీ కలుస్తుంది. అప్పుడూ ముందు నీ పరీక్షే చేయించు, ఆమెను అడగకు.

నాళం మళ్లీ అతికించే ఆపరేషన్ ఉంది గానీ ఫలిస్తుందన్న హామీ లేదు. ఇంకో బిడ్డ కావాలనే ఆలోచన ఏ మూలనున్నా ఇప్పుడు వద్దు, నిరోధ్‌తో సాగించండి. నీకు మనస్ఫూర్తిగా సరేననిపిస్తేనే వెళ్లు.

రోజు ఖాయమైతే ఫోన్ చెయ్యి. ముందు రోజే అమ్మా నేనూ వస్తాం. ఆ వారం నీళ్ల క్యాన్లు నేను ఎత్తుతాను.

మీ నాన్న